చివరి ధార తర్వాత అరగంట

మిరప కోతల రోజుల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సాయంత్రం గేదె దగ్గర కూర్చునే మనిషికి సబ్బు దానంతటదే గుర్తొస్తుంది. కారం చేత్తో పొదుగు పడితే ఏ గేదె ఊరుకుంటుంది? స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమికి ఆ మంట లేదు. పక్క గేదె చన్ను నుంచి అవే వేళ్ల మీద వచ్చినా పసిగట్టే వారుండరు.

పొదుగువాపు తెచ్చే క్రిముల్లో మహా మొండిది ఇది. ఆ మొండితనమంతా జన్యువుల్లో ఉంది. కొన్ని జన్యువులు దాన్ని పొదుగు లోపలి పొరకు అతికిస్తాయి. 'ఐకా' అనేవి చుట్టూ జిగురు అల్లిస్తాయి, ఆ జిగురు చాటున దానికి మందు సరిగా తగలదు. పశువుల్లో కనిపించే కొన్ని రకాలు లుక్-ఎం అనే విషం వదిలి, కాపలాకు వచ్చిన తెల్లకణాలనే పగలగొడతాయి. కణాల లోపల దాక్కోవడమూ దీనికి తెలుసు. వాపు తీసిందని సూదులు మధ్యలో మాన్పించిన ఇంట్లో అదే చన్ను మళ్లీ గట్టిపడితే ఆశ్చర్యమేముంది?

2011లో ఇంకో సంగతి బయటపడింది. ఇంగ్లండ్‌లో ఆవుల పొదుగువాపును పరిశీలిస్తున్న కేంబ్రిడ్జ్ పరిశోధకులకు మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఇదే క్రిమి రకం పాలలో దొరికింది. అప్పటికి వాడుకలో ఉన్న మెక్-ఎ జన్యు పరీక్షకు అది చిక్కలేదు. దానిలో ఉన్నది మెక్-సి అనే మరో జన్యువు. మనుషుల నమూనాల్లోనూ అదే కనిపించింది.

ఇక గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఒంగోలు గిత్తకు పేరెంత ఉన్నా, పాల కేంద్రానికి చేరేవి ఎక్కువగా గేదె పాలే. గేదె చన్ను కొస కండరం ఆవుకంటే బిగువు. క్రిమి దూరడం కష్టమే, పితకడమూ కష్టమే. అందుకే చాలామంది బొటనవేలు మడిచి లాగుతారు. దాంతో లోపలి పొర నలిగిపోతుంది. గుప్పిట నిండా పట్టి పితికితే ఆ బాధ లేదు, కాకపోతే నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

చివరి ధార తీశాక చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఈలోగా గేదె పేడలో పడుకుంటే తలుపు తీసి పిలిచినట్టే. పత్తి చెక్కంతా పితికేటప్పుడే పెట్టేస్తే ఆ తర్వాత దానికి నిలబడే పనేముంది? పాలు తీశాక పచ్చగడ్డి వేస్తే నిలబడే మేస్తుంది. రూపాయి ఖర్చు లేని ఈ ఉపాయం సూదిమందు కన్నా తక్కువ ప్రచారంలో ఉండటం విడ్డూరం.

వాపు పైకి కనిపించని రకం ఇంకా చెడ్డది. పాలు తెల్లగానే ఉంటాయి, దిగుబడి మాత్రం తగ్గుతుంది. 1957లో షామ్, నూర్లాండర్ కాలిఫోర్నియా పరీక్షను ప్రకటించారు. నాలుగు గుంటల పళ్లెంలో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పట్టి, డిటర్జెంట్ లాంటి ద్రావకం కలిపి తిప్పాలి. తెల్లకణాలు పగిలి, వాటి డీఎన్ఏ వల్ల పాలు జిగురుగా చిక్కబడితే ఆ చన్నులో తేడా ఉన్నట్టు. పశువుల పాకలోనే నిమిషంలో తేలిపోతుంది.

పాల కేంద్రంలో వెన్న శాతానికి రోజూ పరీక్ష ఉంది, డబ్బు దానిమీదే గనుక. ఈ పళ్లెం నెలకోసారైనా ఇంటింటికీ తిప్పాలన్న మాట పాల సంఘం సమావేశంలో ముందు ఎవరో ఒకరు ఎత్తాలి.