మన సాహిత్యంలో వృద్ధశ్రామికుడు

వృద్ధాప్యం మీద మన సాహిత్యం కార్చిన కన్నీటికి కొరత లేదు. కొడుకులు చూడని తల్లి, కోడలు విసిరిన మెతుకులు, వసారాలోకి చేరిన కుక్కిమంచం - ఈ వస్తువుతో వచ్చిన కథలన్నీ పోగుచేస్తే ఒక బీరువా నిండుతుంది. కాని ఈ కథల్లోని ముసలివాడు దాదాపు ఎప్పుడూ తండ్రి. పనివాడుగా అతణ్ణి మనం చూడము. అతనికి కావలసింది కొడుకు ఆదరణ అని రచయిత ముందే తేల్చివేస్తాడు. అతడు పని వెతుక్కుంటూ బయలుదేరడమూ, వయస్సు చెప్పగానే గేటు దగ్గరనుంచే తిరిగి రావడమూ మన కథల్లో చాలా అరుదు. వృద్ధాప్యాన్ని మనం ఇంటి సమస్యగా చూశాము. శ్రమ సమస్యగా చూడలేదు. ఈ లోపం వస్తువు ఎంపికకు సంబంధించింది మాత్రమే కాదనీ, దృక్పథానికి సంబంధించిందనీ చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆలోచన నాకు శ్రీకూర్మంలో కలిగింది. విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకొనే ఊరు అది. ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు. యాత్రికులు వాటికి ఆకుకూరలు తినిపించి దండం పెట్టుకుంటారు. గుడివీధిలో టీ దుకాణం దగ్గర ఒక మనిషి మాట కలిపాడు. యాభై ఆరో, యాభై ఏడో ఉంటాయి. ఇరవై యేళ్ళకు పైగా వేరే ఊళ్ళో ఒక మిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడింది. సొంత ఊరి వేపు వచ్చి కాపలా పనికోసం మూడు చోట్ల అడిగాడు. మూడు చోట్లా మొదటి ప్రశ్న వయస్సే. "వొయసెంతని అడుగుతారు గాని, పనేటొచ్చునని అడగరు మేస్టారూ" అన్నాడు. నాలుగో చోట, సముద్రం వేపు ఒక రొయ్యల చెరువు మీద, పెట్టుకున్నారు. రాత్రి కాపలా. పడుచువాడికిచ్చే జీతంలో సగానికి కాస్త ఎక్కువ ఇస్తారు. మూడు చోట్ల పగటి కాపలాకు పనికిరాని ఒళ్ళు ఇక్కడ రాత్రంతా మేలుకోవడానికి పనికివచ్చింది. మారినదల్లా ధర.

వయస్సు మీరినవాడికి పని దొరకదనే మాట, కనుక, సగమే నిజం. దొరకనిది తగిన జీతమూ, అడిగే హక్కూ ఉన్న పని. అవి లేని పని కావలసినంత ఉన్నది. పొందూరు ఖద్దరు సంగతి చూడండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, ఏకు చేసి, సన్ననూలు వడికేవారిలో ఎక్కువమంది వయస్సు మళ్ళిన స్త్రీలు. ఆ నూలుకున్న కీర్తి దేశమంతటా ఉన్నది. అక్కడ ఎవరూ వయస్సు అడగరు. ఆ నేర్పు మీద గౌరవంతో అడగడం మానేశారా అంటే, కాదు. ఆ కూలికి పడుచువాళ్ళు రారు, అంతే. బ్రతకడానికి చాలినంత కూలి ఉన్నచోట వయస్సు అడ్డు వస్తుంది. చాలని చోట రాదు. కళ్ళకు చత్వారం వచ్చినా, నడుము వంగినా, అక్కడ మనిషి పనిమంతుడే. వయస్సు నిబంధన వెనుక ఉన్నది వైద్యశాస్త్రం కాదు, బజారు లెక్క.

మార్క్సు "పెట్టుబడి"లో ఈ విషయాన్ని దాచకుండా చెప్పాడు. పెట్టుబడి శ్రమశక్తిని ఎంత త్వరగా హరిస్తుందంటే నడివయస్సు వచ్చేసరికే కార్మికుడు అరిగిపోయినవాడౌతాడు; మిగులు జనంలోకి నెట్టబడతాడు, లేదా పైమెట్టునుంచి కిందిమెట్టుకు దిగుతాడు. శ్రీకూర్మం మనిషి మిల్లునుంచి చెరువుగట్టుకు దిగిన మెట్టు అదే.

ముసలితనం ప్రకృతి ధర్మం కదా, దానికి ఎవరిని తప్పుపడతామని అడిగేవారు ఉన్నారు. ప్రకృతి ధర్మమైతే అది ప్రభుత్వ ఉత్తర్వులతో మారకూడదు. మన రాష్ట్ర చరిత్ర వేరే విధంగా చెబుతున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సును 1979లో 55నుంచి 58కి పెంచారు. 1983 ఫిబ్రవరిలో తిరిగి 55కు దించారు. 1984లో మరల 58 చేశారు. 2014లో 60, 2022లో 62 అయింది. ఈ నలభై మూడేళ్ళలో మనుషుల ఎముకలు ఒకసారి గట్టిపడి, ఒకసారి మెత్తబడి, మళ్ళీ గట్టిపడలేదు. మారినది ఖజానా అవసరం, రాజకీయ అవసరం.

ఇదే రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకు 60 యేళ్ళు నిండాలి; కాని చేనేతవారికీ, మత్స్యకారులకూ, కల్లుగీతవారికీ 50కే ఇస్తారు. అది మంచి నిబంధన. కాని అందులో ఒక ఒప్పుకోలు ఉన్నది. కళింగపట్నం దగ్గర వలలాగేవాడు 50కే ముసలివాడౌతాడనీ, కలెక్టరు కచేరీలో దస్త్రాలు వ్రాసేవాడు 62 దాకా పనికివస్తాడనీ ప్రభుత్వమే వ్రాసి ఇచ్చింది. వయస్సుకు కూడా వర్గం ఉన్నది. 2024 జూలై నుంచి ఆ పింఛను నెలకు 4000 రూపాయలు. ఆ డబ్బుతో మందులూ బియ్యమూ వస్తాయేమోగాని ఇల్లు గడవదు. అందుచేత 50 దాటిన మత్స్యకారుడు ఒక చేత్తో పింఛను తీసుకొని, మరొక చేయి పనికోసం చాస్తాడు. అక్కడ మళ్ళీ వయస్సు అడుగుతారు.

ఇంత ఉన్న వస్తువును మన కళలు ఎలా తీసుకున్నాయి? జనం ఎక్కువగా చూసిన ఉదాహరణ "బడిపంతులు" చిత్రం. 1972లో వచ్చింది. కన్నడంలో 1958లో వచ్చిన "స్కూల్ మాస్టర్" దానికి మూలం. జీవితమంతా పాఠాలు చెప్పిన పంతులు ఉద్యోగ విరమణ చేస్తాడు. కొడుకులు తల్లినీ తండ్రినీ చెరొక ఇంటికి పంచుకుంటారు. చివరకు పాత శిష్యుడొకడు ఆదుకుంటాడు. ఆ చిత్రం చూసి ఏడవని ఇల్లు లేదు. ఆ ఏడుపు అబద్ధమని నేననను. కాని ఇందులో ఉద్యోగ విరమణ వానకాలం వచ్చినట్టు వస్తుంది, ఎవరూ ప్రశ్నించరు. పంతులుకు పాఠం చెప్పే శక్తి ఉన్నదా లేదా, ఇంకెక్కడైనా చెప్పుకొని బ్రతకగలడా అన్న ప్రశ్న కథలో తలెత్తదు. నేరం కొడుకులది, పరిష్కారం శిష్యుడిది. యజమాని అనేవాడు ఈ లెక్కలోకి రాడు. ఒక సామాజిక సమస్యను రెండు రకాల మనుషుల గుణంగా, కృతఘ్నతగా, కృతజ్ఞతగా విడగొట్టి చూపితే ప్రేక్షకుడి గుండె బరువు తగ్గుతుంది. ప్రశ్న మాత్రం అక్కడే ఉంటుంది.

ఆ పంతులు పాత్ర ధరించిన నందమూరి తారకరామారావు 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. తరువాతి నెలలో విరమణ వయస్సును 55కు దించినది ఆయన ప్రభుత్వమే. వేలాదిమంది ఒక్కసారిగా ఇళ్ళకు వెళ్ళవలసివచ్చింది. ఆ కొత్త బాధ్యత స్వీకరించేనాటికి ఆయన వయస్సు 59. వ్యక్తిని ఎత్తిపొడవడం కోసం ఈ మాట చెప్పడం లేదు. పంతులు దుఃఖాన్ని అంత గొప్పగా అభినయించడానికీ, పంతుళ్ళను మూడేళ్ళు ముందుగా ఇళ్ళకు పంపడానికీ మధ్య ఆ చిత్రం దృష్టిలో వైరుధ్యమేమీ లేదు. విరమణను ప్రశ్నించని కరుణకు ఇదే పరిమితి. నిర్ణయాన్ని సవాలు చేస్తూ ఉద్యోగులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1985 జనవరిలో కోర్టు ప్రభుత్వ నిర్ణయాన్నే సమర్థించింది. మన రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం, నివాసం ఆధారంగా వివక్ష కూడదన్నది. ఆ జాబితాలో వయస్సు లేదు. 41వ అధికరణం పనిహక్కునూ, వృద్ధాప్యంలో సహాయాన్నీ ఒకే వాక్యంలో పేర్కొన్నది. కాని అది ఆదేశిక సూత్రం, కోర్టుకెక్కి అడిగే హక్కు కాదు.

ఈ వస్తువును సూటిగా పట్టుకున్న రచన ఒకటి అమెరికానుంచి వచ్చింది. ఆర్థర్ మిల్లర్ "డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్" 1949 నాటి నాటకం. అరవై దాటిన విల్లీ లోమన్ ఊళ్ళు తిరిగే ఓపిక పోయి, ఉన్న ఊళ్ళోనే చిన్న పని ఇమ్మని యజమానిని అడుగుతాడు. ఆ యజమాని పాత యజమాని కొడుకు, విల్లీ కళ్ళముందు పెరిగినవాడు. ఆ దృశ్యంలో విద్యార్థులు గమనించవలసినది కన్నీరు కాదు, అంకెలు. విల్లీ మొదట వారానికి అరవై ఐదు డాలర్లు అడుగుతాడు. కాసేపటికి యాభై చాలంటాడు. తరువాత నలభైకి దిగుతాడు. చివరకు ఉన్న ఉద్యోగమే పోతుంది. ఒక ముసలి శ్రామికుడి పతనాన్ని వర్ణనతో కాక బేరంతో చూపడం ఆ నాటకకర్త గొప్పతనం. శ్రీకూర్మం మనిషి నాలుగు చోట్ల ఆడిన బేరం కూడా ఇదే. అమెరికాలో నలభై దాటినవారిపట్ల ఉద్యోగ వివక్షను నిషేధించే చట్టం 1967లో, నాటకం వచ్చిన పద్దెనిమిదేళ్ళకు వచ్చింది. నాటకమే చట్టం తెచ్చిందనడం అమాయకత్వం. కాని ప్రశ్నను ఎక్కడ అడగాలో, ఇంట్లోనా, యజమాని గదిలోనా అన్నది, మిల్లర్ సరిగా చూపాడు.

మనకు అటువంటి రచన లేదా? ఈ జిల్లాలోనే పుట్టిన కాళీపట్నం రామారావుగారి "యజ్ఞం" ఉన్నది. ఆ కథ ముగింపు సహజమా కాదా అని దశాబ్దాలపాటు వాదించుకున్నాము. అప్పల్రాముడిని ఋణగ్రస్తుడుగా చూశాము, దళితుడుగా చూశాము. అతణ్ణి వృద్ధశ్రామికుడుగా కూడా చదవవలసివుందని నా మనవి. పాలేరుతనం నడిచే ఊళ్ళో మనిషి ఒళ్ళే తాకట్టు. వయస్సులో ఉన్నవాడి రెక్కలు చూసి అప్పు పుడుతుంది. ముసలివాడి రెక్కలు చూసి పుట్టదు. జీవితమంతా చేసిన చాకిరీ అప్పల్రాముడి జమాఖర్చులో జమకట్టబడదు. అతని చేతిలో మిగిలినది కాస్త భూమి. వెనుక మిగిలినది కొడుకుల శ్రమ. భూమి పోతే ఆ కొడుకులూ, వాళ్ళ పిల్లలూ పాలేళ్ళు కావలసినదే. తండ్రి అప్పుకు తలవంచగా, కొడుకు సీతారాముడు తన బిడ్డను చంపి పంచాయితీ ముందుకు తెస్తాడు. ఇక్కడ నన్ను కలవరపెట్టేది ఒకటున్నది. బాకీ ఒకరిది, తీర్పు ఒకరిది. రక్తం మాత్రం తాతా, తండ్రీ, మనుమడూ అనే మూడు తరాల మధ్య పారింది. ఊరి పెద్దల పంచెకు చుక్క అంటలేదు. తరాల మధ్య తగాదాగా కనిపించేది నిజానికి ఎవరి తగాదాయో ఇంతకంటె స్పష్టంగా చెప్పిన కథ మనకు లేదు. అయినా ఒక కొరత ఉన్నది. అప్పల్రాముడు మనకు పంచాయితీలో కనబడతాడు. పని అడుగుతూ కనబడడు. ఆ దృశ్యం ఇంకా వ్రాయవలసేవుంది.

ఈ పత్రిక చదివే విద్యార్థి ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేయగలడు: "డిగ్రీలు పుచ్చుకొని మేము ఖాళీగా ఉన్నాము. ముసలివాళ్ళు కుర్చీ వదలకపోతే మా గతి ఏమిటి?" 1983లో ప్రభుత్వం చెప్పిన కారణం కూడా యువకులకు ఉద్యోగాలనే. ఈ ప్రశ్నను తోసిపుచ్చడానికి వీలులేదు. కాని కుర్చీలు ఎన్ని ఉండాలో నిర్ణయించింది ఎవరు? తండ్రి కుర్చీ కొడుక్కు కనబడుతుంది; భర్తీ చేయకుండా వదిలిన కుర్చీలు కనబడవు. మరొక సంగతి. రొయ్యల చెరువు యజమాని రేపు పడుచువాడితో, ముసలివాడు సగం జీతానికి చేస్తున్నాడు, నీకెందుకు పూర్తి జీతమంటాడు. వృద్ధుడి కూలి తగ్గింపు యువకుడి కూలికి పెట్టిన గొయ్యి. ఒకే పనికి ఏ వయస్సువారికైనా ఒకే కూలి అన్న కోరిక కనుక ముసలివాళ్ళమీద జాలితో అడిగేది కాదు, ఇద్దరికీ రక్ష. అలాగే, అరిగిపోయిన ఒంటికి ఆకలి లేని విశ్రాంతి కూడా హక్కే. చావుదాకా పనిచేయడాన్ని ఆత్మగౌరవమని పొగిడే కథలను కూడా మనం అనుమానంతో చదవాలి. ఆ పొగడ్త యజమానికి చౌకగా వస్తుంది.

శ్రీకూర్మం గుడిముందు పురాణం చెప్పేవారు ఉంటారు. మందరపర్వతం మునిగిపోతుంటే తాబేలు వీపు మీద మోసింది. పుట్టిన అమృతం ముసలితనాన్ని పోగొట్టేది. పంపకంలో తాబేలు పేరు వినబడదు. కూర్మం సాక్షాత్తు విష్ణువే గనుక దానికి అమృతంతో పనిలేదని పౌరాణికులు సమాధానం చెబుతారు. టీ దుకాణం దగ్గర కలిసిన మనిషికి ఆ సదుపాయం లేదు. ఆ సాయంత్రం అతడు చేతిలో టార్చిలైటు పట్టుకొని చెరువు వేపు వెళ్ళిపోయాడు. అతని కొడుకు మంచివాడా, చెడ్డవాడా అని నేను అడగలేదు. మన కథకులు కూడా ఆ ప్రశ్నను కాస్త పక్కకుపెట్టి, అతనికి సగం జీతం ఎందుకిస్తున్నారని అడిగితే, ఈ వస్తువు మన సాహిత్యంలోకి మొదటిసారిగా సరైన ద్వారంగుండా వస్తుంది.