పోటు చెరిపేసే జాడ

2022 ఏప్రిల్ 4న జిల్లాల గీతలు మారినప్పుడు తిరుపతికి ఉన్నట్టుండి సముద్రం వచ్చింది. అంతవరకు నెల్లూరు లెక్కలో ఉన్న వాకాడు, సూళ్లూరుపేట, తడ వంటి మండలాలు కొత్త తిరుపతి జిల్లాలో చేరాయి. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు దాటితే తూపిలిపాలెం ఒడ్డు. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు. కొండదారుల్లో బండి తోలాలన్న సరదా ఉన్నవాళ్లకు చుట్టూ ఉన్నది శేషాచలం అడవి. అందులో పెద్ద భాగం 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. షికారు బండ్లకు అక్కడ చోటు లేదు, ఉండకూడదు కూడా. అందుకే తిరుపతి, చిత్తూరు కుర్రకారు చూపు ఇసుక మీదికి మళ్లింది. అయితే ఇద్దరు స్నేహితులు ఒడ్డు వెంట ఒకరోజు పోయి వద్దామనుకోగానే మొదట అడిగేది ‘ఏ బండి అయితే బాగుంటుంది?’ అని. అడగాల్సింది ‘ఏ ఇసుక?’ అని. ఇసుక మీద బండి నడపడమంటే ముందు నేలను ఎంచుకోవడం. ఆ ఎంపిక సరిగ్గా చేసినవాడి బండి దిగబడదు, ఒడ్డుకూ పెద్దగా గాయం కాదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు కావన్నదే ఈ వ్యాసంలో నా వాదన.

ఈ విద్య మనకు ఖరీదైన బండ్లతో వచ్చిందనుకుంటే పొరపాటు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో, హీరో ఎక్స్‌పల్స్ 200 2019లో బజారుకొచ్చాయి. రెండింటికీ ముందు చక్రం 21 అంగుళాలు, నేలకూ బండి అడుగుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం. ఇవి లేకపోతే ఇసుకలో అడుగే పడదని కొనేవాళ్ల నమ్మకం. మరి 1980లో టీవీఎస్ 50 వచ్చిన దగ్గర్నుంచి పల్లెపాళేల్లో చేపల బేరగాళ్లు ఏం చేస్తున్నట్టు? వెనక చేపల పెట్టె, ముందు మంచుగడ్డల సంచి పెట్టుకుని, పదహారు అంగుళాల బుల్లి చక్రాలతో పడవల దగ్గరికి పోయి వస్తూనే ఉన్నారు. ఆ బండి బరువు 90 కిలోల లోపే. హిమాలయన్ అందుకు రెట్టింపు పైనే. బండి తేలికదనం సగం మేలు చేస్తే మిగతా సగం మనిషిది. ఇసుక ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ దిగి నెట్టుకుంటూ పోవాలో అతనికి తెలుసు. దిగి నెట్టడం అతనికి నామోషీ కాదు. కొత్తగా నేర్చుకునేవాడు మాత్రం దాన్ని ఓటమిగా లెక్కేసుకుంటాడు.

ప్రపంచంలో రోడ్డు వదిలి బండి తోలే క్రీడకున్న పాత శాఖ చూసినా వేగానిది పెద్దపీట కాదని తెలుస్తుంది. స్కాట్లాండ్‌లో 1909 నుంచి వస్తున్న ‘ఆరు రోజుల ట్రయల్’లో రాళ్ల మీద, బురదలో, వాగుల్లో కొన్ని ముక్కలు గీతలు గీసి పెడతారు. వాటిని కాలు కింద పెట్టకుండా దాటాలి. కాలు ఆనితే ఒక తప్పు మార్కు, ఆగి చతికిలబడితే ఐదు. నిదానం, నిలకడ, చూపు, ఇవీ అక్కడ లెక్కకొచ్చేవి. 1978 డిసెంబరులో పారిస్ నుంచి మొదలైన డకార్ ర్యాలీ వచ్చాక జనం మనసులో ఇంకో బొమ్మ నిలిచిపోయింది: ఎడారి, ఇసుక తిన్నె, గాల్లోకి లేచిన బండి. బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ 2015లో ఆ పోటీని పూర్తిచేసిన తొలి భారతీయుడు. అంత అనుభవమున్న మనిషే 2021 డకార్‌లో పడి తలకు తీవ్రమైన దెబ్బ తగిలి ఆసుపత్రి పాలయ్యాడు. ఫోన్లలో తిరిగే వీడియోలన్నీ ఈ రెండో బొమ్మకే నకళ్లు. మన తీరానికి పనికొచ్చేది మొదటిది.

ఒడ్డున ఇసుకంతా ఒకటే అనిపిస్తుంది గానీ నీళ్ల నుంచి ఊరివైపు నడిస్తే నేల మూడు నాలుగు రకాలుగా మారుతుంది. అల వచ్చి పోయేచోట ఇసుక నీళ్లతో నిండి ఉంటుంది. రేణువుకూ రేణువుకూ మధ్య జాగా అంతా నీరే, పట్టు తక్కువ. పోటు గీత దాటితే పొడి ఇసుక. అక్కడ రేణువుల్ని కలిపి ఉంచేది ఏదీ లేదు, చక్రం కోసుకుంటూ లోపలికి పోతుంది. ఇంకా పైన బాలబంధ తీగ అల్లుకున్న తిన్నెలు, వాటి వెనక సరుగుడు తోటలు. అల తేమకూ పొడి ఇసుకకూ నడుమ, ఆటు దిగాక బయటపడే సన్నటి పట్టీ ఒకటుంటుంది. తడి ఉంటుంది, నీరు నిలవదు. కొద్దిపాటి తేమ రేణువుల మధ్య వంతెనలు కట్టి గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని గుర్తించడానికి పరికరం అక్కర్లేదు. పాదం మోపి చూడండి: చుట్టూ ఇసుక ఒక్కసారిగా తెల్లబారి పొడిగా కనిపించి, కాలు తీయగానే మళ్లీ తడిదేరితే అది గట్టి నేల. ఒత్తిడికి రేణువులు ఎడంగా జరిగి, పైనున్న నీరు ఆ సందుల్లోకి దిగిపోవడం దీనికి కారణమని శాస్త్రవేత్త ఆస్బర్న్ రేనాల్డ్స్ 1885లోనే వివరించాడు. పాదం చుట్టూ నీరు ఊరి మడమ దిగితే బండిని అటు పోనివ్వకూడదు.

ఈ పట్టీ మన దగ్గర మరీ సన్నం. గుజరాత్‌లో భావనగర్ వైపు ఆటుపోట్ల తేడా పది మీటర్లు దాటుతుంది. చెన్నై దగ్గర పున్నమి, అమావాస్యలకు కూడా మీటరుకు కాస్త అటూ ఇటూ. కాబట్టి ఇక్కడ వేళే సగం విద్య. పోటుకూ ఆటుకూ నడుమ ఆరు గంటల పైచిలుకు, రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆ వేళ ఆలస్యమవుతూ పోతుంది. పూర్తి ఆటుకు రెండు గంటల ముందు ఇసుక మీదికి దిగి, ఆటు తర్వాత రెండు గంటల్లోపు పైకి వచ్చేయాలి. ఒడ్డుకు సమాంతరంగా బకింగ్‌హాం కాలువ పారుతుండడంతో ఎక్కడ పడితే అక్కడ ఊళ్లోకి మళ్లే వీలు లేదు. వంతెన ఎక్కడుందో ముందే తెలుసుకోవాలి.

తోలే పద్ధతి చెప్పడానికి సులువే, చేతులు వినడమే కష్టం. టైర్లలో గాలి మామూలుగా ఉండే 25, 30 పీఎస్‌ఐ నుంచి 15, 18 దాకా దించితే టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది, బరువు పంచుకుంటుంది. మరీ దించితే టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వు తెగుతుంది; చేతిపంపు లేనిదే ఈ పని పెట్టుకోకూడదు. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవాలి, హ్యాండిల్‌ను మాత్రం వదులుగా. ముందు చక్రం పాములా అటూ ఇటూ తిరుగుతుంది, తిరగనివ్వాలి. భయంతో బిగబట్టినవాడే పడతాడు. ఒంటి బరువు కాస్త వెనక్కి, చూపు చక్రం ముందు కాకుండా ఇరవై ముప్ఫై మీటర్ల అవతలికి. ముందు బ్రేకు ముట్టుకోవద్దు. యాక్సిలరేటర్ తగ్గిస్తే చాలు, ఇసుకే ఆపుతుంది. ఇక దిగబడ్డప్పుడు కొత్తవాళ్లంతా చేసే పని యాక్సిలరేటర్ గుంజడం. వెనక చక్రం తన గొయ్యి తానే తవ్వుకుని చైను దాకా పూడిపోతుంది. చక్రం తిరుగుతూ బండి కదలకపోతే అప్పుడే ఆపేయాలి. దిగి, బండిని మెల్లగా పక్కకు పడుకోబెట్టి, గొయ్యి పూడ్చి, లేపి, ఒకరు ముందు చక్రం లాగుతుంటే ఇంకొకరు క్లచ్ మీద నడిపించాలి. 

ఇంకో మెలకువ పుస్తకాల్లో తక్కువ కనిపిస్తుంది. పొద్దుటి పూట అలివి వల లాగుతుంటారు. నీళ్లలోంచి ఒడ్డు దాకా మోకాలెత్తున తాడు బిగుసుకుని ఉంటుంది, దూరానికి కనపడదు. ఒక వరసలో మనుషులు వెనక్కి వంగి నిలబడి ఉన్నారంటే నడుమ తాడుందని అర్థం. ఇంజను ఆపి, వల ఒడ్డు చేరేదాకా ఆగాలి. ఆ ఇసుక వాళ్ల పనిచోటు.

ఇక అసలు అభ్యంతరం. మోటారు బండికి సముద్రపు ఒడ్డున ఏం పని? ఎండ్రకాయల కలుగులు కూలుతాయి, తిన్నెలు చెదురుతాయి, ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు నలుగుతాయి అంటారు పర్యావరణ కార్యకర్తలు. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఇసుక తిన్నెలనూ తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లనూ తీర నియంత్రణ నిబంధనలు అత్యంత సున్నితమైన ప్రాంతాల కోవలో పెట్టాయి. బాలబంధ తీగలు తిన్నెను పట్టి ఉంచుతాయి, తిన్నె ఉప్పెన నుంచి ఊరిని కాస్తుంది. అయితే ఆ కలుగులు, తీగలు, గుడ్లు ఉండేవి ఎక్కువగా పోటు గీతకు పైనే, అంటే బండి దిగబడే పొడి ఇసుకలోనే. తడి పట్టీ మీద పడ్డ గీతను తర్వాతి పోటు చెరిపేస్తుంది. తిన్నె మీద పడ్డ గీత వానలు వచ్చినా పోదు, తర్వాత వచ్చేవాడికి దారవుతుంది. పడవల దగ్గరికి చేపల బండ్లు రోజూ తిరిగే బాటలోనే ఒడ్డుకు దిగి, మళ్లీ అలాంటి బాటలోనే ఎక్కితే కొత్త గాయం ఉండదు. తిన్నె మీదికి ఎగబాకేవాడు చెడ్డ పౌరుడు సరే, చెడ్డ చోదకుడు కూడా.

ఈ సమాధానం తాబేళ్ల విషయంలో పూర్తిగా చాలదు. జనవరి నుంచి మార్చి దాకా అవి రాత్రిళ్లు ఒడ్డెక్కి ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు పెడతాయి. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు బయటికొచ్చి నీళ్లవైపు పాకుతాయి. చక్రం గాడి వాటికి దాటలేని కాలువ. పొద్దుటి గాడిని మధ్యాహ్నపు పోటు చెరిపేస్తుంది గదా అనొచ్చు, కానీ ప్రతి గాడీ చెరుగుతుందని ఎవరు పూచీ? జనవరి నుంచి మే దాకా ఆ ఒడ్డును వదిలేయడమే నా లెక్కలో సరైనది. రాత్రి బండి ఏ నెలలోనూ కూడదు. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. మిగిలేవి జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొన్ని పొద్దులు. తక్కువే, కానీ ఆ తక్కువతో సరిపెట్టుకోలేని సరదాను సమర్థించడం నావల్ల కాదు.

పులికాట్ సంగతి అసలు వేరు. దేశంలో చిలికా తర్వాత అంతటి ఉప్పునీటి సరస్సు. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతుండడంతో వేసవిలో సరస్సు ఉత్తరభాగం ఎండి మైదానంలా కనిపిస్తుంది. చదునుగా ఉందని బండి దించాలనిపిస్తుంది. పైన ఉప్పు పెచ్చు, కింద నల్ల బురద. పెచ్చు పగిలితే ఇరుసు దాకా ఊబి. అది పక్షుల అభయారణ్యం కూడా, అనుమతి లేకుండా దిగడం వన్యప్రాణి చట్టం కింద నేరం. శ్రీహరికోట ఎలాగూ అంతరిక్ష కేంద్రం కాపలాలో ఉంది. స్వర్ణముఖి సముద్రంలో కలిసేచోట ఇసుక మేట నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు; అక్కడ వెనుదిరగాలి. ఇక్కడా అదే తేలుతుంది: చట్టం వద్దన్న నేలే బండిని మింగుతుంది.

మరి ఇద్దరే ఎందుకు? ఒంటరిగా వెళ్తే కాలి మీద పడ్డ 200 కిలోల బండిని ఎత్తేవాడుండడు. ఇద్దరుంటే ఒకరు ముందు, ఒకరు యాభై మీటర్ల వెనక. ముందువాడి చక్రం ఎంత లోతు దిగిందో చూసి వెనకవాడు తన దారి మార్చుకుంటాడు. అయితే ఇద్దరు కుర్రాళ్లు కలిస్తే జాగ్రత్త రెట్టింపు కాదు, దుడుకే రెట్టింపవుతుంది అన్న మాటా ఉంది. నిజమే. ‘రారా, ఏం కాదులే’ అన్న మాటకు లొంగి కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లు ఊరికొకరు దొరుకుతారు. దానికి విరుగుడు బయల్దేరే ముందే పెట్టుకునే ఒడంబడిక: ఇద్దరిలో తక్కువ తెలిసినవాడు వేగాన్ని నిర్ణయించాలి, ఎవరు ‘వద్దు’ అన్నా కారణం అడక్కుండా ఆగిపోవాలి. దీనికి ఒప్పుకోని స్నేహితుడితో రోడ్డు మీద ఎక్కడికైనా పోవచ్చు గానీ ఇసుక మీదికి కాదు.

ఇద్దరికి సెలవిస్తే రేపు ఇరవై మంది వస్తారుగా అన్నది చివరి ప్రశ్న. వస్తే మాత్రం అడ్డుకోవాల్సిందే. తడి పట్టీ రెండు మూడు మీటర్లు. రెండు బండ్లు ఒకే గీతలో పోతాయి. ఇరవై పోలేవు, వెనకవాళ్లు తప్పక పైకి జరుగుతారు, పైకి జరిగితే తిన్నెలే. జెండాలు కట్టుకుని వచ్చే క్లబ్బులకు రాయలసీమలో రైతు ఒప్పుకుంటే బీడు భూములున్నాయి, మూసేసిన క్వారీలున్నాయి, డబ్బు కట్టి తోలుకునే ప్రైవేటు మైదానాలున్నాయి. తూపిలిపాలెం ఒడ్డున బండ్లు ఎన్ని, ఏ నెలల్లో, ఏ బాటలో దిగాలో చెప్పాల్సింది ఆ పాళెం పెద్దలు, పంచాయతీ, అటవీశాఖ. వాళ్లు అసలే వద్దంటే బండి స్టాండు వేసి నడిచి పోవడమే.