పాఠ్యానికి వెలుపల: జనప్రియ సంస్కృతి బోధకుని నిత్య ఇక్కట్లు – గుంటూరు ప్రాంత నిదర్శనాలు

తెలుగు శాఖలలో జనప్రియ సంస్కృతిని అధ్యయనం చేసే అధ్యాపకుని ఇబ్బందులను సాధారణంగా వ్యక్తిగతమైన చికాకులుగానే పరిగణిస్తారు. సహాధ్యాపకుల ఛలోక్తులు, తరగతిలో విద్యార్థుల నవ్వు, పరిశోధక మండలి సందేహాలు, చేతికందని ఆకరాలు – ఇవన్నీ విశ్రాంతి గదిలో చెప్పుకొని మరచిపోయే సంగతులుగా ఉండిపోయాయి. విడివిడిగా కనిపించే ఈ చికాకులకు మూలం ఒక్కటేనని, అది మన శాస్త్రం ‘పాఠం’ అనే మాటకు ఇచ్చుకొన్న అర్థంలోనే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. అచ్చులో స్థిరపడిన రచనను మాత్రమే పాఠంగా గుర్తించే అలవాటు ఉన్నంతకాలం ప్రదర్శనలో జీవించే కళ గురించి మాట్లాడేవాడు తన శాఖలో తానే అతిథిగా ఉండక తప్పదు.

చర్చకు నేపథ్యంగా ఒక ప్రాంతాన్ని తీసుకొంటున్నాను. నల్లపాడు గుంటూరుకు పడమటి అంచున ఉన్న రైల్వే జంక్షన్. ఇక్కడ పట్టాలు రెండుగా చీలుతాయి. ఒక దారి సత్తెనపల్లి మీదుగా నడికుడి వైపు, మరొకటి ఫిరంగిపురం, నరసరావుపేటల మీదుగా గుంతకల్లు వైపు సాగుతాయి. ఈ రెండు దారుల వెంట వచ్చి చదువుకొనే విద్యార్థులలో అధికభాగం మిరప, పత్తి సాగుచేసే ఇళ్ళవారు. మిరప కోతలు ముమ్మరమైతే హాజరుపట్టీ సన్నబడుతుంది. ఈ విద్యార్థులు తమతో తెచ్చే సాంస్కృతిక పరిజ్ఞానం సామాన్యమైనది కాదు. కారెంపూడి ప్రాంతంనుంచి వచ్చినవారికి రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే అయిదు దినాల వరుసను ఎవరూ నేర్పనక్కరలేదు. నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాలవారికి శివరాత్రి అంటే కోటప్పకొండ ప్రభలే. అభిమాన సంఘాల లోగుట్టు అందరికీ తెలుసు. ఇంత తెలిసినవాడు తెలుగు తరగతిలో కూర్చోగానే తనకేమీ తెలియదనుకొంటాడు. అతనికి తెలిసినది పాఠం కాదని అప్పటికే అతనికి నేర్పి ఉన్నాము.

జానపదం, జనప్రియం

“ఏం మాస్టారూ, ఈ వారం పరిశోధన ఏ థియేటర్లో?” అనే పలకరింపు ఈ రంగంలో పనిచేసేవారికి కొత్తది కాదు. అందులో ద్వేషం లేదు. ఉన్నది ఒక వర్గీకరణ. మన పరిభాషలో ‘జానపదం’ గౌరవవాచకం, ‘జనప్రియం’ అనుమానవాచకం. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వంటి కృషివల్ల జానపదానికి విశ్వవిద్యాలయంలో స్థానం లభించింది. అది గొప్ప విజయం. అయితే ఆ గ్రంథనామంలోనే ‘గేయ సాహిత్యము’ అనే మాట ఉన్నదన్న సంగతి గమనించాలి. పాట సాహిత్యంగా ప్రవేశించింది. పాడిన గొంతు, పాడిన సందర్భం దాని వెనుక నిలబడ్డాయి.

పల్నాటి కథ విషయంలో ఈ క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. అది కావ్యమా, చరిత్రా, కర్త ఎవరు అన్న చర్చ దశాబ్దాలుగా సాగుతూనే ఉన్నది. ఈ కాలమంతా వీరవిద్యావంతులు ఏటా కారెంపూడిలో ఆ కథను పాడుతూనే ఉన్నారు. ఆలిసెట్టి గాలెయ్య పాడిన మౌఖిక రూపం ఆంగ్లానువాదంతో, విపులమైన అధ్యయనంతో గ్రంథంగా వెలువడినది 1982లో. ఆ పని చేసినవాడు జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు. అచ్చు ప్రతికీ ఈ గ్రంథానికీ మధ్య డెబ్బైయొక్క సంవత్సరాలు గడిచాయి. దూరం గురించి చెప్పాలంటే గుంటూరునుంచి కారెంపూడికి ఒక పూట ప్రయాణం.

బుర్రకథ సంగతి మరొక విధమైనది. షేక్ నాజర్ స్వగ్రామం పొన్నెకల్లు కూడా గుంటూరు సమీపంలోనిదే. 1940ల నాటి ప్రజానాట్యమండలి వేదికలపై బుర్రకథ రాజకీయ ప్రచారసాధనం, వేలమంది ఎగబడి విన్న వినోదం. నేటి అర్థంలో అది పచ్చి జనప్రియ కళ. 1986లో నాజర్‌కు పద్మశ్రీ లభించింది. అంగడాల వెంకటరమణమూర్తి గ్రంథస్థం చేసిన ‘పింజారి’ ద్వారా ఆయన జీవితం చదువరులకు చేరింది. ఇప్పుడు బుర్రకథపై సిద్ధాంతవ్యాసం రాస్తానంటే ఎవరూ నవ్వరు. వినేవారు తగ్గిన తరువాత గౌరవం పెరిగింది. కళ జనానికి దూరమైతే తప్ప మనకు దగ్గర కాదన్నది ఎవరూ రాసిపెట్టని నియమం. సినిమా పాటకు, ప్రభలమీది నృత్యానికి అర్హత రావాలంటే అవి కూడా కొంత మూలపడాలి కాబోలు.

ఈ రంగం ఇతర దేశాలలో ఎక్కడ పుట్టిందో ఒకసారి గుర్తుచేసుకోవడం అవసరం. 1957లో ‘ది యూజెస్ ఆఫ్ లిటరసీ’ రాసిన రిచర్డ్ హోగార్ట్ అప్పటికి హల్ విశ్వవిద్యాలయంలో వయోజన విద్యాబోధకుడు. రేమండ్ విలియమ్స్ కూడా ఏళ్ళతరబడి అటువంటి సాయంకాలపు తరగతులే నడిపాడు. పనిముగించుకొని వచ్చిన శ్రామికులకు సాహిత్యం చెప్పబోయి, వారి ఇళ్ళలో చదివే పత్రికల గురించీ పాడుకొనే పాటల గురించీ తమ శాస్త్రం మౌనంగా ఉన్నదని గ్రహించినవారు వీరు. 1964లో హోగార్ట్ బర్మింగ్‌హామ్‌లో నెలకొల్పిన అధ్యయన కేంద్రం వెనుక ఈ అనుభవం ఉన్నది. అంటే ఈ శాస్త్రం బోధకుని చికాకునుంచే పుట్టింది. (ఆ కేంద్రానికి వారసత్వంగా మిగిలిన శాఖను 2002లో అదే విశ్వవిద్యాలయం మూసివేసింది. చికాకు మన సొంతమేమీ కాదు.) తెలుగు సినిమా విషయంలో ఎస్.వి. శ్రీనివాస్ ‘మెగాస్టార్’ (2009) వంటి గట్టి గ్రంథాలు వచ్చాయి. కాని అవి ఆంగ్లంలో, చలనచిత్ర అధ్యయనాల పరిధిలో వచ్చాయి. తెలుగు అభిమానులను గురించిన చర్చను తెలుగు విద్యార్థి ఆంగ్లంలో చదువుకోవలసి రావడం మన శాఖలు ఆలోచించవలసిన విషయం.

ఒక కవి, రెండు ఖాతాలు

పాఠ్యప్రణాళికలో ఈ విభజన మనుషులను కూడా రెండుగా చీలుస్తుంది. సి. నారాయణరెడ్డిగారు ఉస్మానియాలో ఆచార్యులు. ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలను, ప్రయోగాలను గురించి ఆయన రాసిన సిద్ధాంతగ్రంథం నేటికీ ప్రమాణం. ‘విశ్వంభర’కు 1988లో జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. 1962 నాటి ‘గులేబకావళి కథ’తో మొదలై దశాబ్దాలపాటు సాగిన గీతరచన ఆయనదే. తరగతిలో మొదటి రెండూ పాఠాలు, మూడవది ‘కవి పరిచయం’లో ఒక వాక్యం. శ్రీశ్రీ, కృష్ణశాస్త్రి, ఆరుద్రల విషయమూ ఇంతే. మాత్రాఛందస్సుపై పట్టు ఉన్న కవి ముందే కట్టిన బాణీలో మాటలు పొదిగేటప్పుడు ఛందస్సుతో ఏ విధమైన బేరం కుదుర్చుకొంటాడు అన్నది అచ్చంగా తెలుగు శాఖ ప్రశ్న. సంగీతజ్ఞులు గాని, చలనచిత్ర పరిశోధకులు గాని దీనికి జవాబు చెప్పలేరు. మనం చెప్పగలం, చెప్పము.

‘చింతామణి’: మాట్లాడవలసిన వేళ

ఇంతవరకు చెప్పినది చికాకు స్థాయిలోని వ్యవహారం. అది ఎంత నష్టదాయకం కాగలదో ‘చింతామణి’ ఉదంతం చూపిస్తుంది. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనాన్ని, వరకట్నాన్ని, మద్యపానాన్ని విమర్శిస్తూ ‘చింతామణి’, ‘వరవిక్రయం’, ‘మధుసేవ’ రాశారు. సంస్కరణోద్దేశంతో పుట్టిన ‘చింతామణి’ దాదాపు శతాబ్దకాలం ఊరూరా ఆడింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పద్యనాటక ప్రదర్శనను నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్రద్వారా తమ సమాజాన్ని కించపరుస్తున్నారన్న ఆర్యవైశ్య సంఘాల అభ్యంతరం దీనికి ఆధారం.

నిషేధం ఉచితమా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడి ప్రశ్న అంతకన్న చిన్నది: అభ్యంతరం దేనిమీద? కాళ్ళకూరి రాసిన సుబ్బిశెట్టి మీదనా, రంగస్థలం పెంచిన సుబ్బిశెట్టి మీదనా? నాటకం చూసిన ప్రతివారికీ ఈ రెండూ ఒకటి కావని తెలుసు. కంట్రాక్టు నాటకాల కాలంలో హాస్యపాత్రధారి ప్రేక్షకుల ఈలలను బట్టి సంభాషణను సాగదీశాడు. పద్యాల మధ్య ద్వ్యర్థులు చేరాయి. ఒక్కో సమాజం ఒక్కో తీరున పెంచింది. ఈ పెంపు ఎప్పుడు మొదలైంది, ఏ ఊళ్ళలో ఎంతవరకు వెళ్ళింది, ఏ నటుడు దానిని నిరాకరించి మూలానికి కట్టుబడ్డాడు? తెలుగు శాఖ ఈ ప్రశ్నలకు ఆధారసహితంగా జవాబు చెప్పగలిగి ఉంటే, నిషేధాన్ని కోరినవారికీ వద్దన్నవారికీ మధ్య కొంత వివేచనకు చోటుండేది. మన దగ్గర ఉన్నదల్లా అచ్చు ప్రతి. దానిని పట్టుకొని “మూలంలో అంత అభ్యంతరకరమైనదేమీ లేదు” అనవచ్చును. అది ప్రదర్శన గురించి అడిగిన ప్రశ్నకు పుస్తకం గురించి చెప్పిన జవాబు అవుతుంది.

రంగస్థలం చేర్చినదంతా అశ్లీలమేనన్న అపోహ కూడా ఈ అజ్ఞానం నుంచే వస్తుంది. బాపట్లవాడైన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభలో చింతామణిగానూ, ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగానూ పేరుపొందారు. సత్యభామ పాత్రకు ఆయన స్వయంగా చేర్చుకొని పాడిన పాట నాటకకర్త రచన కాదు. అది ప్రేక్షకుల నోట నిలిచి 1966 నాటి చలనచిత్రంలోకి కూడా వెళ్ళింది. నటుడు చేర్చినది మూలంకన్న ఎక్కువ కాలం బతికిన సందర్భమిది. ఒకే ప్రక్రియ ఒకచోట ఆ పాటను, మరొకచోట సుబ్బిశెట్టి వెకిలితనాన్ని ఇచ్చింది. ప్రక్షిప్తాలను గుర్తించి, వాటి కాలాన్ని, కారణాన్ని నిర్ణయించడంలో తెలుగు పరిష్కర్తలకు శతాబ్దం పైబడిన శిక్షణ ఉన్నది. భారతం ప్రతులకు వాడిన ఆ నైపుణ్యాన్ని నాటక సమాజాల చేతిప్రతులకు వాడకపోవడానికి శాస్త్రపరమైన అడ్డంకి ఏదీ కనిపించదు.

ఆ చేతిప్రతులు ఎక్కడున్నాయన్నది తరువాతి ఇక్కట్టు. వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు 1918 నుంచి పత్రికలను, గ్రంథాలను కాపాడుతూ వచ్చాయి. అచ్చు సంస్కృతికి అది మహోపకారం. హార్మోనిస్టు శ్రుతి గుర్తులు పెట్టుకొన్న నాటకప్రతి, సినిమా హాలు ముందు అమ్మిన పాటల పుస్తకం, అద్దె పుస్తకాల షాపులో చేతులు మారి అట్ట ఊడిన డిటెక్టివ్ నవల, మైకుసెట్టు దుకాణంలోని క్యాసెట్టు – వీటికి గ్రంథాలయ వర్గీకరణలో సంఖ్య దొరకడం కష్టం. పాత కాగితాల వ్యాపారి మన పరిశోధకుని కంటే ముందుంటాడు.

తరగతి గదిలో ఎదురయ్యే ఇబ్బంది వీటన్నిటికంటె సున్నితమైనది. ప్రబంధం చెప్పేటప్పుడు అధ్యాపకునికి తెలిసినది విద్యార్థికి తెలియదు. సినిమా చెప్పేటప్పుడు ఈ సంబంధం తలకిందులవుతుంది. విద్యార్థికి సన్నివేశం క్షుణ్ణంగా తెలుసు, అధ్యాపకుడు సంవత్సరం తప్పు చెప్తే వెనుక బెంచీ సరిచేస్తుంది. ఇది సమస్య కాదు, మంచి పాఠానికి ఆరంభం. సమస్య ఆ తరువాత వస్తుంది. ఒక కథానాయకుని చిత్రంలో భూస్వామి పాత్రను ఎలా మలిచారు అని అడగగానే గది రెండుగా విడిపోతుంది. ఈ జిల్లాలలో అభిమానం చాలాచోట్ల కులపు గుర్తుతో కలిసి నడుస్తుంది. ఇది అందరికీ తెలిసినా పైకి ఎవరూ అనరు. విశ్లేషణ నిందగా వినబడుతుంది. ప్రశంస పక్షపాతంగా వినబడుతుంది. అధ్యాపకుని ఇంటిపేరును బట్టి అతని అభిప్రాయాన్ని ముందే నిర్ణయించినవారు ఆ గదిలో ఉంటారు. ‘మనుచరిత్ర’ చెప్పేటప్పుడు ప్రవరుని అభిమాన సంఘం ఎదుర్కోవలసిన పని లేదు. జనప్రియ సంస్కృతిని తేలిక విషయమనేవారు ఈ గదిలో ఒక గంట నిలబడి చూడాలి. పాఠం నేటి సామాజిక సంబంధాలను ఇంత సూటిగా తాకే సందర్భం మన పాఠ్యప్రణాళికలో మరొకటి అరుదు.

ఇక పరిశోధక మండలి. కోటప్పకొండ ప్రభలపై ఒక విద్యార్థి సమర్పించిన పరిశోధన ప్రతిపాదనకు ఎదురైన మొదటి ప్రశ్న “ఇందులో సాహిత్యాంశం ఏది?” అన్నది. ప్రశ్న అన్యాయమైనది కాదు. తెలుగు శాఖ ఆ మాట అడగాలి కూడా. కాని ఆ విద్యార్థి సేకరించినవాటిలో సాహిత్యాంశానికి కొదవ లేదు. చందాలు వేసినవారి పేర్లు ఏ వరుసలో చదవాలన్న తగవులున్నాయి. ప్రభ కదిలేటప్పుడు వేసే కేకలున్నాయి. విద్యుత్ ప్రభ వేదికపై ఏ సినిమా పాట తరువాత ఏ పాట రావాలన్న పట్టిక, దానిని పొరుగూరి ప్రభను చూసి ఆఖరి నిమిషంలో మార్చిన వైనం, భక్తిపాటతో ఆరంభించి తిరిగి భక్తిపాటతోనే ముగించాలన్న కట్టుబాటు కూడా ఉన్నాయి. ఇది కూర్పు. శతకాలలోనూ యక్షగానాలలోనూ కూర్పును గుర్తుపట్టే మనం ఇక్కడ గుర్తుపట్టలేకపోవడానికి, దీనికి కర్త పేరు లేకపోవడమే కారణం.

ప్రతిపాదన చివరకు ఆమోదం పొందింది, శీర్షిక మారింది. ‘కోటప్పకొండ తిరునాళ్ళ – సాహిత్యంలో ప్రతిఫలనం’ అన్న కొత్త శీర్షిక కింద స్థలపురాణం, శతకాలు, దండకాలు ప్రధానాధ్యాయాలయ్యాయి. పాటల పట్టిక, చందాల లెక్క, కేకలు, ప్రభ కట్టిన వడ్రంగితో సంభాషణ అనుబంధంలోకి వెళ్ళాయి.