చదివే కన్ను, చూసే కెమెరా: ఎం.ఆర్.ఐ. పఠన ప్రయోగాలు – తెలుగు లిపి

వ్యాససంగ్రహం: ఎం.ఆర్.ఐ. యంత్రంలో జరిగే పఠన ప్రయోగాల్లో పాఠకుడి చూపును నమోదు చేసే కెమెరా, దానికి తోడుండే దీపం ఎక్కడ ఉన్నాయన్నది చిన్న సాంకేతికాంశంగా కనిపిస్తుంది. నిజానికి ఆ అమరికే ఫలితాలకు హద్దు గీస్తుందని, కిందికీ పైకీ విస్తరించే తెలుగు లిపి విషయంలో ఆ హద్దును విస్మరించరాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: పఠనం, స్థిరదృష్టి, ఎం.ఆర్.ఐ., పరారుణ కాంతి, వత్తు.

1. ఉపోద్ఘాతం

చదివేటప్పుడు చూపు వరుస వెంట జారదు. ఒకచోట సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు నిలిచి, మరోచోటికి గెంతుతుంది. ఎం.ఆర్.ఐ. పట్టుకొనే రక్తప్రసరణ మార్పు గరిష్ఠస్థాయికి చేరడానికి మాత్రం దాదాపు 5 సెకన్లు పడుతుంది. ఆలోగా పాఠకుడు ఎన్నో పదాలు దాటిపోతాడు. ఈ చిక్కు వల్లనే చాలా ప్రయోగాలు ఒక్కొక్క పదాన్నే తెరపై చూపాయి. హెండర్సన్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనం సహజపఠనంలోని స్థిరదృష్టి వ్యవధులనే ఆధారంగా తీసుకొని మెదడు స్పందనను విశ్లేషించింది. ఇటువంటి పద్ధతిలో చూపు నమోదు అదనపు సమాచారం కాదు. ఏ క్షణంలో ఏ పదం చదివారో చెప్పే ఏకైక సాక్ష్యం అదే.

2. కెమెరా స్థానం

ప్రయోగంలో పాల్గొనే వ్యక్తి వెల్లకిలా పడుకొని, తల చుట్టూ ఉండే హెడ్ కాయిల్‌పై అమర్చిన అద్దంలో, యంత్రపు సొరంగం చివరనున్న తెరను చూస్తాడు. చాలా అమరికల్లో కెమెరా తెర పక్కనే ఉండి, అదే అద్దం ద్వారా కంటిని చూస్తుంది. సొరంగం వ్యాసం 60 లేదా 70 సెంటీమీటర్లే. ఇనుప భాగాలున్న పరికరాన్ని అయస్కాంతం లాగేస్తుంది. తగిన కవచం లేని విద్యుత్ పరికరం స్కాన్ చిత్రాన్ని చెడగొడుతుంది. కనుక కెమెరాకు అనువైన చోటు కంటే అనుమతి ఉన్న చోటే దక్కుతుంది. ఆ చోటు దృష్టిరేఖకు పైన పడితే, పాఠకుడు కింది వరుసలకు వచ్చేసరికి పైరెప్ప, వెంట్రుకలు కనుపాపను కప్పేస్తాయి. పుట చివరి వరుసల సమాచారమే ఎక్కువగా నష్టపోతుంది.

3. వెలుగు

చూపు దిశను కనుపాప కేంద్రానికీ, కార్నియాపై మెరిసే దీపపు ప్రతిబింబానికీ మధ్యనున్న దూరంతో లెక్కిస్తారు. దీపం పరారుణ కాంతినిస్తుంది గనుక పాఠకుడి ఏకాగ్రతకు భంగం కలగదు. అయితే హెడ్ కాయిల్ కడ్డీ నీడ కంటిపై పడినా, వెనుకవైపు పూత ఉన్న అద్దం ఒక మెరుపును రెండుగా చూపినా లెక్క తప్పుతుంది. ముందువైపు పూత ఉన్న అద్దం ఈ రెండవ దోషాన్ని నివారిస్తుంది.

4. తెలుగు లిపి వేసే ప్రశ్న

‘రాష్ట్రం’ అనే పదంలో ‘ష’ కింద రెండు వత్తులున్నాయి. తెర పాఠకుడి కంటికి 100 సెంటీమీటర్ల దృష్టిదూరంలో ఉందనుకుందాం. అక్కడ అర డిగ్రీ దోషం దాదాపు 9 మిల్లీమీటర్లకు సమానం. అక్షరం ఎత్తు ఒక సెంటీమీటరైతే, ఆ దోషం చూపును అక్షరం మీదినుంచి వత్తు మీదికి నెట్టగలదు. పైగా స్పష్టదృష్టి పరిధి సుమారు 2 డిగ్రీలు. అంటే చూపు అక్షరంపై నిలిచినా వత్తు కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి పాఠకుడు వత్తును విడిగా చదువుతాడని గానీ, చదవడని గానీ ఇటువంటి అమరికతో తేల్చడం సాహసమే. 2021లో వెలువడిన డీప్‌ఎంఆర్‌ఐ పద్ధతి కెమెరా లేకుండానే, స్కాన్‌లోని కనుగుడ్ల చిత్రం నుంచి చూపును అంచనా వేస్తుంది. చూపు సాగిన దిశను తెలుసుకోవడానికి అది ఉపకరిస్తుంది గాని, వత్తు స్థాయి సూక్ష్మతకు చాలదు.

5. ముగింపు

ఈ చర్చ ప్రయోగశాలకే పరిమితమైనది కాదు. వత్తులను పిల్లలకు విడిగా నేర్పాలా, సంయుక్తాక్షరాన్ని ఒకే రూపంగా నేర్పాలా అన్న బోధనాప్రశ్నకు రేపు ఎవరైనా ‘మెదడు చిత్రాన్ని’ రుజువుగా చూపవచ్చు. ఆ రుజువును అంగీకరించే ముందు తెలుగు పరిశోధకులు నాలుగు విషయాలు అడగాలి: కెమెరా దృష్టిరేఖకు పైనుందా, కిందనుందా? దీపం ఎక్కడుంది? నిలువు దిశలో దోషం ఎన్ని డిగ్రీలు? చూపు నమోదు కాక ఎందరిని వదిలేశారు? వీటికి జవాబు లేని అధ్యయనం మెదడు గురించి ఏమి చెప్పినా, వత్తు గురించి చెప్పినట్లు కాదు.