‘వెల్లడి’ అనే మాట, దాని బరువు

నేడు వనపర్తి జిల్లాలో ఉన్న ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానానికి కేంద్రం. 1948 వరకు నైజాం రాజ్యంలో ఉర్దూయే పాలనా భాష. అందుచేత ఆ ప్రాంతపు ముస్లిం కుటుంబాలలో ఇంట ఉర్దూ, బజారులో తెలుగు వాడుకగా నిలిచాయి. ఒక సంగతి పదిమందికి తెలియడాన్ని చెప్పవలసి వస్తే ఇలాంటి ఇళ్లలో రెండు భాషల మాటలూ అందుబాటులో ఉంటాయి. ఉర్దూలో ‘బయాన్ కర్‌నా’, ‘జాహిర్ కర్‌నా’, ‘రాజ్ ఫాష్ కర్‌నా’. తెలుగులో ‘తెలుపడం’, ‘వెల్లడించడం’, ‘బయటపెట్టడం’, ‘గుట్టు రట్టు చేయడం’.

ఇవన్నీ ఒకటే అనుకోవడం పొరపాటు. ప్రభుత్వం పరీక్షా ఫలితాలను వెల్లడిస్తుంది. రట్టు చేసిందని ఎవరూ అనరు. పొరుగువాడు ఇంటిగుట్టును రట్టు చేస్తాడు. అతడు దానిని ‘తెలిపాడు’ అంటే తప్పు సగం కప్పివేసినట్లే. ‘వెల్లడి’ మాత్రం నిందా మోయదు, మెప్పూ మోయదు. సంగతి ఎవరిది, దానిని చెప్పే హక్కు ఎవరికి ఉంది అనే ప్రశ్నలను అది పక్కన పెడుతుంది. పత్రికలకు ఆ మాట అంత ప్రియమైనది కావడానికి కారణం ఇదే.

దివ్య ఖుర్‌ఆన్‌లోని తహ్‌రీమ్ సూరా 3వ ఆయతు ఈ విషయంలో గొప్ప పాఠం. దైవప్రవక్త (స) తమ సతీమణులలో ఒకరికి ఒక మాటను రహస్యంగా చెప్పారు. ఆమె దానిని మరొకరికి తెలిపారు. అల్లాహ్ ఆ సంగతిని ప్రవక్తకు తెలియపరచాడు. అప్పుడు ఆయన ఆమెతో కొంత ప్రస్తావించి, కొంత విడిచిపెట్టారు. ఇంత చిన్న ఘటనలో మూలం నాలుగు క్రియలను వాడింది: రహస్యంగా చెప్పడానికి ‘అసర్ర’, తెలుపడానికి ‘నబ్బఅ’, తెలియపరచడానికి ‘అజ్‌హర’, ఎరుకపరచడానికి ‘అర్రఫ’. పైగా ఆమె తెలిపిన సందర్భంలోనూ, సర్వజ్ఞుడు తనకు తెలిపాడని ప్రవక్త చెప్పిన సందర్భంలోనూ క్రియ ఒక్కటే: ‘నబ్బఅ’. ‘నబీ’ అనే మాటకు దగ్గరి చుట్టం అది. అంటే దోషం తెలుపడంలో లేదు. అప్పగించిన నమ్మకాన్ని తప్పడంలో ఉంది.

1925లో చిలుకూరి నారాయణరావు గారి కృషితో తెలుగులో ఖుర్‌ఆన్ అనువాదానికి దారి పడింది. ఆ దారిన నడిచే అనువాదకుడెవరైనా ఈ ఆయతు వద్ద ఆగి ఆలోచించాలి. అన్నిచోట్లా ‘వెల్లడించు’ అని రాస్తే నాలుగు క్రియల తేడా మాసిపోతుంది. ఆమె విషయంలో ‘రట్టు చేసింది’ అని రాస్తే ఆ క్రియలో లేని నిందను చేర్చినట్లవుతుంది. పశ్చాత్తాపపు పిలుపు తరువాతి ఆయతులో ఎలాగూ ఉంది. ‘నబ్బఅ’ వచ్చిన ప్రతిచోటా ‘తెలుపు’ అని రాసి, తీర్పును సందర్భానికి విడవడం మేలు.

ఇది పండితుల చర్చ మాత్రమే కాదు. సాక్ష్యాన్ని దాచవద్దని బఖరా సూరా 283వ ఆయతు ఆదేశిస్తున్నది. భద్రతకో భయానికో సంబంధించిన వార్త చేతికి రాగానే చాటింపు వేసేవారిని నిసా సూరా 83వ ఆయతు మందలిస్తున్నది. తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాన్ని అల్లాహ్ కప్పుతాడని హదీసు బోధిస్తున్నది. ఒకచోట చెప్పి తీరాలి, ఒకచోట విచారించాలి, ఒకచోట నోరు కట్టుకోవాలి. చేతిలోని ఫోనుకు ఈ మూడింటి తేడా తెలియదు. వేలు కదిపితే అన్నీ ‘వెల్లడి’ అయిపోతాయి.

కనుక ఒక సంగతి చెప్పబోయే ముందు దానికి తగిన క్రియ ఏదో ఎవరికి వారు వెదకి చూసుకోవాలి. ‘సాక్ష్యం చెబుతున్నాను’ అనగలిగితే చెప్పవచ్చు. ‘రట్టు చేస్తున్నాను’ అనే మాటే నోటికి వస్తే ఆగిపోవాలి. అన్నీ తెలిసి కూడా ప్రవక్త (స) కొంత విడిచిపెట్టారన్నది మరువరాదు.