రంగు కింద పని

సైకిలుకు తుప్పు మనం చూసే చోట మొదలవదు. బారు మీద గీత పడితే వెంటనే కనబడుతుంది, గుడ్డ పెట్టి తుడుస్తాం, కాస్త నూనె రాస్తాం. అసలు తుప్పు పుట్టేది క్రాంకులు తిరిగే బి.బి. (బాటమ్ బ్రాకెట్) గూట్లో. వానలో సీటు సందుల్లోంచి దిగిన నీరు సీటు పైపు వెంట జారి చివరికి చేరేది అక్కడికే. ఆ తర్వాత మడ్‌గార్డు అడుగున, బురద పొరలు పొరలుగా ఎండే చోట. ఆ తర్వాత క్యారియరు కాళ్ళు ఫ్రేముకు బిగిసే చోట. పొలానికి ఎరువు బస్తాలు మోసిన సైకిలైతే క్యారియరు ముందే పోతుంది. ఎరువు గాలిలో తేమను పీల్చుకుని ఇనుమును ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది.

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ పోయే దారిలో, ఎత్తిపోతల జలపాతం దగ్గర మా నాన్న తొక్కిన అట్లాస్ సైకిలు ఈ మూడు చోట్లా తుప్పు పట్టి ఉంది. కొత్తది కొనమని ఇంట్లో అందరూ అన్నారు. ఇరవై రెండంగుళాల ఫ్రేముతో నల్ల సైకిళ్ళు ఇప్పటికీ అమ్ముతున్నారు, కొనడం కష్టమేమీ కాదు. కానీ ఇది అట్లాస్. 1951లో సోనీపత్‌లో మొదలై దేశంలో ఊరూరికీ సైకిలు చేర్చిన కంపెనీ అది. దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, పని ఆపేసింది. ఆ పేరుకున్న విలువ సరే, ఫ్రేము గట్టిగా ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పినవాడు మాచర్లలో ట్రాక్టరు బానెట్లకూ బండి ట్యాంకులకూ రంగు కొట్టే పెద్దాయన.

సైకిలు తీసుకెళితే ఆయన ఏ రంగు కావాలని అడగలేదు. స్క్రూడ్రైవరు తీసి తుప్పు ఉన్న చోటల్లా మొనతో పొడిచాడు. మొన లోపలికి దిగితే పైపు తినేసినట్టు. దిగకపోతే పై పొరకే పట్టినట్టు. ముఖ్యంగా చూసింది పైపులు కలిసే కీళ్ళను. ఈ రకం ఫ్రేములో పైపు కొనలు లగ్గులనే ఉక్కు తొడుగుల్లోకి దూరి ఉంటాయి. తొడుగుకూ పైపుకూ మధ్య సన్నని సందులోకి ఇత్తడి కరిగించి పారిస్తారు. ఇత్తడి తొమ్మిది వందల డిగ్రీల సెల్సియస్ దగ్గర్లోనే కరుగుతుంది, ఉక్కు కరగాలంటే పద్నాలుగు వందలు దాటాలి. అందుకే పైపు కరగదు. నీరు వత్తిలోకి ఎక్కినట్టు ఇత్తడి తనంతట తనే ఆ సందు నిండా పాకుతుంది. ఆ పని ఒకసారి సరిగ్గా జరిగితే కీలు ఊడదు. మా సైకిలుకు ఒక్క కీలు కూడా కదల్లేదు.

"ఇది పోయే ఫ్రేము కాదబ్బాయ్. చర్మం పోయింది, ఎముక ఉంది" అన్నాడు.

రంగు పనిలో సగం పైగా విప్పడమే. చాలామంది చక్రాలు తీసి, మిగతాదానికి కాగితం చుట్టి గన్ను కొట్టేస్తారు. అలా కొడితే రంగు బోల్టు తలల మీదా నట్ల సందుల్లోనూ గట్టిపడుతుంది. మొదటిసారి పానా పెట్టగానే పగిలి, ఆ పగుల్లోంచి మళ్ళీ నీరు దిగుతుంది. ఈయన బాల్సుతో సహా అన్నీ తీశాడు. క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే కాటరు పిన్ను దగ్గర ఆయన పనితనం చూడాలి. కాటరు ఒక పక్క ఏటవాలుగా అరగదీసిన చిన్న మేకు. దాన్ని సుత్తితో కొట్టి దిగ్గొడతారు, నట్టు పెట్టి బిగిస్తారు. ఏళ్ళ తరబడి బిగిసిన కాటరును బయటికి కొట్టేటప్పుడు ఆ దెబ్బంతా ఇరుసు మీదుగా బాల్సుకూ, బాల్సు కూర్చునే కప్పులకూ తగులుతుంది. కప్పులో గుంటలు పడితే ఎంత గ్రీజు పెట్టినా పెడలు కటకటలాడుతూనే ఉంటుంది. ఆయన క్రాంకు కింద, కాటరుకు సరిగ్గా తిన్నగా, ఒక ఇనుప పైపు ముక్కను నేలకు ఆనించి నిలబెట్టాడు. నట్టును పూర్తిగా ఊడదీయకుండా కాటరు కొనతో సమానంగా వదులు చేసి ఉంచాడు, దెబ్బకు మర నలగకుండా. అప్పుడు ఒకే ఒక్క బలమైన దెబ్బ. చిన్న దెబ్బలు పది కొడితే కాటరు వంగుతుందట. దెబ్బ పైపు మీదుగా నేలలోకి పోయింది, కాటరు జారి వచ్చింది.

తరవాత బి.బి. కప్పులు. చైను వైపు కప్పు ఎదురు మరతో ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఇది తెలియనివాళ్ళు దాన్ని ఊడదీయాలని ఇంకా బిగించి, చివరికి ఉలి పెట్టి పాడుచేస్తారు. ఎదురు మర ఎందుకో కాస్త ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇరుసు ముందుకు తిరుగుతుంటే దానికీ కప్పుకూ మధ్య బాల్సు దొర్లుతాయి. దొర్లే బాలు కప్పును ఇరుసు తిరిగే దిక్కుకు ఎదురుగా నెడుతుంది. ఒక్కో దొర్లుకు పడే తోపు కొంచెమే, కానీ మైళ్ళ కొద్దీ తొక్కితే మామూలు మర విప్పుకుని పోయేంత. అందుకే ఆ కప్పుకు ఎదురు మర తీశారు, తొక్కే కొద్దీ బిగుస్తుంది. ఎడమ పెడలుకు ఎదురు మర ఉండటానికీ ఇదే కారణం. తొక్కేవాడి బలమే తన సైకిలును బిగిస్తూ పోయేలా ఆలోచించినవాడెవరో గానీ, ఇంత చిన్న చోట ఇంత తెలివి ఇంకెక్కడా కనబడదనిపిస్తుంది నాకు.

చక్రాల జోలికి పెద్దగా పోలేదు. ముందు చక్రానికి 32 పుల్లలు, బరువు ఎక్కువ మోసే వెనక చక్రానికి 40, అన్నీ బాగానే ఉన్నాయి. రిమ్ముల నికెల్ పూతను తుడిచి పక్కన పెట్టాడు.

ఇక పాత రంగు. రిమూవర్ పూసిన కాసేపటికి అది బుడగలెత్తి లేచింది, గీకుతుంటే ఒకదాని కింద ఒకటి పొరలు బయటపడ్డాయి. పైన ఎప్పుడో బ్రష్షుతో వేసిన ఆకుపచ్చ, దాని కింద ఫ్యాక్టరీ నలుపు, అన్నిటికంటే కింద ఉక్కును అంటుకుని బూడిద రంగు పలుచని మసక. ఆ మసకే నన్ను ఎక్కువగా ఆపేసింది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఫ్రేమును రంగులో ముంచే ముందు ఫాస్ఫేటు తొట్టిలో ముంచుతారు. ఉక్కు పైపొర ఫాస్ఫేటు స్ఫటికాలుగా మారి, రంగు పట్టుకోవడానికి గరుకైన నేల ఏర్పడుతుంది. కొనేవాడెవడూ చూడని ఆ పొర వల్లే నలుపు అన్నేళ్ళు నిలిచింది. ఆకుపచ్చ పొర మాత్రం కింద గరుకు లేని నున్నటి రంగు మీద వేసింది కనుక రేకులు రేకులుగా ఊడిపోయింది.

పెద్దాయన దగ్గర తొట్టి లేదు. తుప్పు ఉన్న చోట్ల ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రవం పూశాడు, తుప్పు నల్లబడి గట్టి ఫాస్ఫేటుగా మారింది. తరవాత ఎమరీ పేపరు. అంచుల దగ్గర చాలాసేపు రుద్దాడు. పాత రంగు ఉన్న చోటుకూ ఉత్త ఉక్కుకూ మధ్య మెట్టు మిగిలితే ఎంత రంగు కొట్టినా ఆ మెట్టు పైకి కనబడుతుంది. మెట్టు ఉందో లేదో ఆయన కళ్ళతో చూడలేదు. కళ్ళు మూసుకుని వేళ్ళ కొసలతో పైపు వెంట తడుముతూ పోయాడు, ఆగిన చోట మళ్ళీ రుద్దాడు.

దాని మీద రెడ్ ఆక్సైడ్. ఈ ఇటుక రంగు ప్రైమరు గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం, కిటికీ ఊచలకూ గేట్లకూ అదే. దాని రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది, అంటే తుప్పుకు దగ్గరి చుట్టం. మరి తుప్పు మీద తుప్పు పూస్తే ఏం లాభం? తేడా నీటిలో ఉంది. తుప్పు నీటిని పట్టుకుని ఉబ్బుతుంది. పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక రంగును కింది నుంచి పైకి లేపుతుంది. ప్రైమరులోని ఆక్సైడు ఇప్పటికే పూర్తిగా కాలిపోయిన ఇనుము లాంటిది, ఇంకా మారడానికి దానికేమీ మిగలలేదు. రెజిన్‌లో చిక్కుకుని కదలకుండా ఉంటుంది. ఉక్కుకూ నీటికీ మధ్య అడ్డుగా నిలుస్తుంది.

గుంటలకు లప్పం పెట్టి, ఆరాక నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో సమం చేశాడు. సీటు పైపు మెడ దగ్గర చెక్కిన ఫ్రేము నంబరు మీద మాత్రం లప్పం పడనివ్వలేదు. ప్రైమరు కూడా అంకెల గాడిలో నిండితే గుండుసూదితో గీరి తీశాడు. "నంబరు పూడిపోతే సైకిలుకు పేరు పోయినట్టే" అన్నాడు. ముందున్న అట్లాస్ బిళ్ళ రివెట్లతో బిగించి ఉంది. లాగితే వంగుతుందని ఊడదీయలేదు. దాని మీద టేపు అతికించి, బ్లేడుతో బిళ్ళ అంచు వెంటే కోసి, మిగతా టేపు తీసేశాడు.

రంగు కొట్టడానికి ఆయన తొందరపడలేదు. వాన ముసురు పట్టి ఉంది. చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి డెబ్బై అడుగుల ఎత్తు నుంచి నిండుగా దూకే రోజులవి. ఎత్తిపోతల చూడటానికి వచ్చేవాళ్ళకు అంతకంటే మంచి కాలం ఉండదు. ఆయన గన్నుతో కొట్టే డ్యూకో రంగుకు అది చెడ్డ కాలం. డ్యూకోలో కలిపే థిన్నరు చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు కింది లోహాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి తడి రంగు మీదే నీరు చేరుతుంది, నలుపు కాస్తా తెల్లగా పాలు పోసినట్టు మసకబారుతుంది. పోనీ ఎండాకాలం కొడదామంటే ఎండలకు పేరుపడ్డ రెంటచింతల పక్కనే. అంత వేడిలో రంగు గన్ను నుంచి ఫ్రేము చేరేలోపే గాలిలో ఆరి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. "ఆగు అబ్బాయ్, ఆకాశం చూసి కొడదాం, తొందరపడమాకు" అంటూ ముసురు విడిచి పొడి గాలి తిరిగే దాకా ఆపాడు. కొట్టిన రోజు కూడా పొద్దున్నే, ఎండెక్కక ముందు. పక్కన నాపరాళ్ళు కోసే షెడ్ల దుమ్ము లేవకుండా ముందు నేలంతా నీళ్ళు చల్లాడు.

ఫ్రేమును బి.బి. గూట్లోంచి తీగ దూర్చి వేలాడదీశాడు. మరలున్న గూళ్ళన్నిటికీ పాత గుడ్డలు కుక్కాడు. మరలో రంగు చేరితే కప్పు సగం దూరాన ఆగిపోతుంది. గుండ్రటి పైపుకు రంగు కొట్టడం బానెట్టు కొట్టినంత తేలిక కాదు. పైపు సన్నం, గన్ను నుంచి వచ్చే రంగులో చాలా భాగం పక్కనుంచి గాలిలోకే పోతుంది. తగిలిన భాగం అడుగుకు జారి చుక్క కడుతుంది. అందుకే మొదట లగ్గుల మూలలు, చైను స్టేల లోపలి వైపు, బి.బి. అడుగు, అంటే కంటికి కనబడనివన్నీ కొట్టాడు. చివరికి పైపులను పొడవునా, చేయి ఆగకుండా, పలుచని కోట్లుగా. ట్రిగ్గరు నొక్కేది పైపు మొదలు కాకముందే, వదిలేది పైపు దాటాకే. లేకపోతే మొదట్లోనూ చివర్లోనూ రంగు మందంగా పడుతుంది. ఇరుసు నట్లు కొరికే చోట్ల మాత్రం కావాలనే పలుచగా వదిలాడు. అక్కడ మందంగా ఉంటే నట్టు బిగించినప్పుడు రంగు నలిగి, తరవాత నట్టు వదులవుతుంది.

నలుపు ఆరాక బంగారు గీతలు. పాత సైకిళ్ళకు మడ్‌గార్డు అంచున, పైపుల వెంట సన్నని బంగారు గీతలుండేవి. ఇప్పుడు చాలాచోట్ల స్టిక్కరు అతికిస్తున్నారు. చెన్నైలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ట్యాంకులకు ఈ గీతలు చేత్తో వేస్తారని చాలామందికి తెలుసు. మాచర్లలో ఒక షెడ్డులో ఆ పనే జరగడం చూశాను. గీత బ్రష్షుకు వెంట్రుకలు వేలు పొడవుంటాయి, అన్నీ కలిపినా పుల్లంత సన్నం. అంత పొడవు ఎందుకంటే, ఒకసారి రంగులో ముంచితే పైపు మొదటి నుంచి చివరిదాకా మధ్యలో ఆగకుండా సరిపోవాలి. ఆగితే అక్కడ ముడి పడుతుంది. చిటికెన వేలు పైపు మీద ఆనించి, దాన్నే దారిగా చేసుకుని, బ్రష్షును నొక్కకుండా లాగాడు. మోచేయి కదల్లేదు, భుజం కదిలింది. గీత వేస్తున్నంతసేపూ ఆయన చూపు బ్రష్షు మీద లేదు, గీత ఆగబోయే లగ్గు మీద ఉంది. రెండో గీత మొదటి దానికి ఆనుకోకుండా, దూరమూ పోకుండా పడింది. మడ్‌గార్డు వంపులో కూడా ఆ సందు మారలేదు.

మళ్ళీ బిగించడం విప్పిన వరసకు తిరగేసిన వరస. కప్పుల్లో కొత్త గ్రీజు, వెనక హబ్బుకూ బి.బి.కీ పావు అంగుళం బాల్సు, ముందు హబ్బుకు అంతకంటే చిన్నవి. కొత్త కాటర్లు రెండూ ఒకదానికొకటి ఎదురు దిక్కున దిగాయి. ఒకే దిక్కున దిగితే క్రాంకులు రెండూ ఒకే గీత మీద ఉండవు, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పడినట్టు తొక్కుడు కుంటుతుంది. రంగు మీద నేరుగా లోహం రుద్దుకోకుండా ప్రతి నట్టు కిందా వాషరు పడింది, క్యారియరు కాళ్ళ కింద పాత ట్యూబు ముక్క పడింది.

డబ్బు తీసుకునేటప్పుడు ఆయన చెప్పినవి రెండే. నెల రోజులు సర్ఫు నీళ్ళతో కడగొద్దు, రంగు లోపల ఇంకా గట్టిపడుతూ ఉంటుంది. కొత్త కాటర్లు మొదటి కొన్ని రోజుల్లో నలిగి సర్దుకుంటాయి, అప్పుడు మళ్ళీ తీసుకొస్తే సుత్తి దెబ్బ ఒకటి వేసి నట్టు బిగిస్తాడు, దానికి డబ్బు అక్కర్లేదు.