పేరు చెప్పుకొననివారి కూటములు: ఆల్కహాలిక్స్ అనానిమస్ రహస్య సమాజమా?

తడ పరిసర సంఘముల కాపరులు కొందరు మమ్మును ఒక ప్రశ్న అడుగుచున్నారు. త్రాగుడు మానగోరిన సహోదరులు లోకల్ రైలెక్కి చెన్నైలో ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి మీటింగులకు వెళ్లుచున్నారు. అక్కడ ఇంటిపేరు చెప్పరు. లోపల విన్నది బయట మాట్లాడరు. దేవుని తలంచుదురు గాని క్రీస్తు నామమెత్తరు. ఇది ఫ్రీమేసన్ల లాడ్జి వంటిదా, లేక ఒక కల్ట్ వంటిదా? ఒక సంఘములోనైతే అట్టి మీటింగుకు వెళ్లిన విశ్వాసిని ప్రభువు బల్లకు దూరముంచవలెనని పెద్దలు వాదించిరి. కనుక ఈ ప్రశ్నను తేలికగా విడువరాదు.

మొదట దాని పుట్టుక చూతము. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణములో బిల్ విల్సన్ అను షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అను వైద్యుడు దీనిని ఆరంభించిరి. ఇద్దరును త్రాగుబోతులే. లూథరన్ పాదిరి ఫ్రాంక్ బుక్మన్ స్థాపించిన ఆక్స్‌ఫర్డ్ గ్రూపులో వారు పాపపు ఒప్పుకోలును, చేసిన కీడును సరిదిద్దుకొనుటను నేర్చుకొనిరి. 1939లో వెలువడిన వారి పుస్తకములోని పన్నెండు మెట్లు చదువు కాపరికి యాకోబు 5:16, జక్కయ్య ఇంటిలో జరిగిన సంగతి తప్పక జ్ఞాపకము వచ్చును. మన దేశములో ఈ కూటములు 1957లో ఢిల్లీలో మొదలైనవి.

ఇక రహస్యమను ఆరోపణ. 1752 నాటికే మద్రాసులో వెలసిన మేసన్ల లాడ్జిలలో ప్రమాణములు, అంతస్తులు, సంజ్ఞలు ఉన్నవి. లోపలి క్రతువు బయటివారికి తెలియరాదు. ఇక్కడ మెట్లు అచ్చులో ఉన్నవి, ఎవరైనను కొనవచ్చును. ఓపెన్ మీటింగులకు ఎవరైనను వెళ్లవచ్చును, కాపరులు కూడ. చేరుటకు ప్రమాణము లేదు, రుసుము లేదు. త్రాగుడు మానవలెనను కోరిక చాలును. ఇక్కడ దాచబడునది సిద్ధాంతము కాదు, మనిషి పేరు. కూతురి పెండ్లి సంబంధము తప్పిపోవునని, ఫ్యాక్టరీలో పని పోవునని భయపడువాడు పేరు దాచుకొనుటలో ఆశ్చర్యమేమి? ఈ నియమమునకు మరియొక ఉద్దేశము కలదు: ఎవడును నాయకుడై పేరు పొందకూడదు. 1954లో యేల్ విశ్వవిద్యాలయము ఇవ్వజూపిన గౌరవ డాక్టరేటును విల్సన్ ఈ కారణముచేతనే నిరాకరించెను. 1955లో సెయింట్ లూయీ సభలో అధికారమును గుంపుల ప్రతినిధులకు అప్పగించెను. (పేరు ముందు బిరుదులు చేర్చుకొను మన పరిచారకులు కొందరు ఈ సంగతి చదువవలెను.)

అయితే విముక్తి బృందములు కల్ట్‌గా మారవని చెప్పజాలము. మారినది ఒకటున్నది. ఆల్కహాలిక్స్ అనానిమస్ ద్వారానే త్రాగుడు మానిన చార్లెస్ డెడ్రిక్ 1958లో కాలిఫోర్నియాలో సిననాన్ అను సంస్థను స్థాపించెను. మత్తుమందులకు బానిసలైనవారు అక్కడ కలిసి నివసించిరి. మొదట పత్రికలు మెచ్చుకొనినవి. 1970వ దశకములో అది తనను మతముగా ప్రకటించుకొనెను. దంపతులు విడిపోయి వేరొకరితో జతపడవలెనని నాయకుడు ఆజ్ఞాపించెను. 1978లో తమపై వ్యాజ్యము నడిపిన న్యాయవాది పోస్టుపెట్టెలో సంస్థ సభ్యులు గిలకపామును (రాటిల్‌స్నేక్) పెట్టిరి. 1991లో అది మూతబడెను. త్రాగుబోతు వ్యథ రెంటికిని ఒకటే. భేదమెక్కడనగా, ఇచ్చట ఒకే మనిషి మాట చట్టమయ్యెను, బయటకు పోవు తలుపు మూయబడెను, సభ్యుల ఆస్తి సంస్థలో చేరెను. మన ప్రాంతములో ఏ డీ-అడిక్షన్ కేంద్రమునైనను ఈ మూడింటితోనే పరీక్షింపవలెను, క్రైస్తవ పేరు పెట్టుకొనినదైనను సరే.

మాకు అభ్యంతరములు లేకపోలేదు. ఎవరు ఎట్లు గ్రహించిరో అట్టి దేవుడని వారు చెప్పుట ఏథెన్సులోని తెలియబడని దేవుని బలిపీఠమును పోలియున్నది. సిలువ లేదు. 1996లో అమెరికా న్యాయస్థానములు కొన్ని ఖైదీలను ఈ మీటింగులకు బలవంతముగా పంపరాదనెను, అది మతస్వభావము గలదని. మతము కాదను వారి మాటను మేమును పూర్తిగా అంగీకరింపలేము. రెండవది మరింత బరువైనది: పదేండ్లు మానినవాడును "నేను త్రాగుబోతును" అనియే చెప్పుకొనును. 1 కొరింథీ 6:11లో పౌలు త్రాగుబోతులను గూర్చి భూతకాలములో వ్రాసెను. శరీర బలహీనతను గూర్చిన ఒప్పుకోలుగా ఆ మాటను అంగీకరింతుము. దేవుని యెదుట వాని స్థితిగా అంగీకరింపము. ఇది కాపరి ఆ సహోదరునితో కూర్చుండి మాట్లాడవలసిన విషయము, బల్ల నుండి తొలగించుటకు కారణము కాదు.

అది పనిచేయునా? ఇరువది ఏడు అధ్యయనములను పరిశీలించిన 2020 నాటి కొక్రేన్ సమీక్ష, పూర్తిగా మానియుండుటలో ఈ మార్గము ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నిసార్లు మించునని తేల్చెను.

తడ అప్పట్లో నెల్లూరు జిల్లాలోనిదే. ఆ జిల్లాలోని దూబగుంట స్త్రీలు 1992లో సారాయి దుకాణములను బహిరంగముగా ఎదిరించిరి. 1993లో సారాయి నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. నేడు ఇటు ఆంధ్ర దుకాణము, సరిహద్దు దాటితే తమిళనాడు టాస్మాక్. బహిరంగ పోరాటము దుకాణమును మూయించగలిగెను. లోపలి దప్పికను గూర్చి మనిషి మాట్లాడుటకు మాత్రము చిన్న గది, తనవంటి నలుగురు కావలెను. మన సంఘములో వాడు నిజము చెప్పిన మరుసటి ఆదివారమే బల్ల నుండి లేపబడుచున్నాడు. కనుక వాడు రైలెక్కుచున్నాడు.

తడలోనే తెలుగులో అట్టి మీటింగు పెట్టుకొనుటకు మందిరపు ప్రక్క గది ఇవ్వవచ్చునా అని ఒక కాపరి అడిగెను. ఇవ్వవచ్చునని మా అభిప్రాయము. వారమునకు ఒక సాయంకాలము చాలును. కూటమిలో సంఘపెద్దలెవరును కూర్చుండరాదు. అద్దె మాత్రము పుచ్చుకొనవలెను. బయటివారి ధనసహాయము తీసుకొనరాదని వారి నియమము గనుక, ఉచితముగా ఇచ్చిన గదిని వారు ఒప్పుకొనకపోవచ్చును.